గోడకట్టులోని చరిత్ర

ఇటుక మీద ఇటుక పేర్చినంత మాత్రాన గోడ కాజాలదు. పై వరుసలోని అతుకు క్రింది అతుకు మీదనే నిటారుగా పడినచో అది పక్కపక్కన నిలిపిన కంబాల గుంపే. పునాది ఒకచోట కొద్దిగా కుంగినా ఆ అతుకుల వెంట నిలువునా చీలును. అందుకే మన పాపిరెడ్డిపట్టి ప్రాంతపు తమిళులు కొత్తనార్ అని, మనము తాపీమేస్త్రి అని పిలుచు పనివాడు ప్రతి వరుసలోను అతుకును తప్పించి కట్టును.

ఈ పనికి ఇటుక పొడవు వెడల్పునకు రెట్టింపు ఉండవలెను. హరప్పా, మొహెంజొదారో ఇటుకలు 4:2:1 కొలతలోనివే. ఒక వరుస నిలువుగాను, మరొక వరుస అడ్డముగాను మార్చి పేర్చు పద్ధతి కూడ అచ్చటి గోడలలో కనబడుచున్నది. నేటి పాఠ్యగ్రంథములలో దాని పేరు ఇంగ్లీషు బాండు! నాలుగువేల ఏండ్లకు పూర్వమే మన నేలపై ఉన్న కట్టునకు ఆ పేరు వచ్చుట వింతయే. ఒకే వరుసలో నిలువు, అడ్డము ఒకదాని తరువాత ఒకటి వచ్చునది ఫ్లెమిష్ బాండు. చూపునకు అందమైనది, బలమున ఇంగ్లీషు బాండునకు కొంత తక్కువ.

తెలుగునాట ఈ విద్యకు గొప్ప సాక్ష్యము నాగార్జునకొండ. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల కాలమున అచ్చట వెలసిన మహాచైత్యము వ్యాసము సుమారు 106 అడుగులు. ఇటుకలు సుమారు 20 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గలవి. ఇచ్చటను పొడవు వెడల్పునకు రెట్టింపే. అంత గుట్టను పూర్తిగా ఇటుకతో నింపలేదు. బండిచక్రమునకు కుండ, ఆకులు, పూటీలు ఉన్నట్లు లోపల గోడలు కట్టి, నడుమ గదులను మట్టితో నింపినారు. ఇటుక ఆదా అయినది, బరువు నలుదిక్కులకు పంచుకొనబడినది. 1927-31 మధ్య లాంగ్‌హర్స్ట్ జరిపిన త్రవ్వకములలో ఈ చక్రరూపము బయటపడినది. శాసనములు దాత చాంతిశ్రీ పేరును, పని నడిపించిన ఆనందభిక్షువు పేరును చెప్పుచున్నవి. ఇటుక పేర్చిన చేతుల పేర్లు మాత్రము లేవు.

నేడు బరువును కాంక్రీటు స్తంభములు మోయుచుండగా, నాలుగున్నర అంగుళముల గోడ తెరవలె నిలిచియున్నది. కట్టు తెలిసిన మేస్త్రి అవసరము తగ్గినది. ఇది లాభమని నేననుకొనను. ఇటుకలను పక్కవాటున నిలిపి నడుమ ఖాళీ విడుచు ర్యాట్ ట్రాప్ బాండును కేరళలో లారీ బేకర్ విరివిగా వాడి, సుమారు నాలుగవ వంతు ఇటుకను ఆదా చేసి చూపినారు. ఆ ఖాళీ ఎండవేడిమిని కూడ ఆపును.

పూత ఊడిన పాత గోడ కనబడినప్పుడు మూల దగ్గర చూడుడు. అడ్డపు వరుసలో మూల ఇటుక తరువాత సగము వెడల్పు ముక్క ఒకటి ఉండును. అదే క్వీన్ క్లోజరు. అతుకును పావు ఇటుక జరుపునది అదే. సన్నని ముక్క అంచున నిలువదు గనుక మేస్త్రి దానిని రెండవ స్థానమున ఉంచినాడు.