పొయ్యి నోటి దగ్గర

తెల్లారుజామున నాలుగున్నర. పలాస–కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీ వెనక షెడ్డు. ఘాటు పొగకి మీ కళ్ళు చెమరుస్తున్నాయి. ఎదుట మనిషెత్తు బాయిలర్, పక్కన నిన్న కటింగ్‌లో రాలిన జీడి తొక్కల గుట్ట. ఒకటి తీయబోతారు.

"ముట్టుకోకండి బావూ, సెయ్యి పొక్కిపోద్ది."

తొక్కలో నూనె ఉంది. చర్మాన్ని కాల్చేదీ అదే, పొయ్యిలో భగ్గుమనేదీ అదే.

ఆపరేటర్ పొయ్యి తలుపుకి ఎదురుగా నిలబడడు. పక్కకి ఒదిగి ఇనప కొక్కెంతో గొళ్ళెం లాగుతాడు. లోపల ముదురెరుపు మంట, నాలుకల చివర మసి. పైన గొట్టంలోంచి తారులాంటి పొగ. "గాలి సాల్నేదు దీనికి" అంటాడు. ఆ ఒక్క మాటలో మొత్తం సంగతి ఉంది. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా మండితే సుమారు 394 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. గాలి చాలక సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడ్ అయితే 110 మాత్రమే. ఆ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. జీడి పొగ కళ్ళు మండించైనా చెబుతుంది, ఇది చెప్పదు. బాయిలర్ షెడ్డుకి గోడలు తగ్గించి గాలి ఆడనివ్వాలని నేను పట్టుబట్టేది అందుకే.

అతను తొక్కలు వేయడం ఆపుతాడు. బూడిద గోకుతాడు, గ్రేటు సందుల్లోంచి నిప్పురవ్వలు జలజలా రాలతాయి. గాలిని అదుపు చేసే డ్యాంపరు కాస్త తెరుస్తాడు. చూస్తూండండి: ఎరుపు నారింజకి తిరిగింది, నారింజ పసుపుకి. బాగా కాగిన మసి రేణువుల వెలుగే ఆ పసుపు. ఇంట్లో గ్యాసు పొయ్యి నీలం ఇక్కడ రాదు. తొక్కల మంటకి ఈ నిగనిగలాడే పసుపే ఆరోగ్యం. గాలి మరీ ఎక్కువైతే అదీ నష్టమే, వేడిని గొట్టంలోంచి ఎత్తుకుపోతుంది.

"ఆరిపోతే మాత్రం ఎంటనే అంటించకూడదు బావూ. లోపలి పొగ పోనివ్వాల. నేకపోతే తలుపూడి మీద పడిపోద్ది."

మాట్లాడుతున్నా అతని చూపు గేజి గాజుగొట్టం మీదే. నీటి మట్టం సగం దగ్గర వణుకుతోంది. అది అడుగంటితే కాగిన రేకు మీద చన్నీళ్ళు వదలకూడదు, ముందు మంట తీసేయాలి. మామూలు ఒత్తిడి దగ్గరే లీటరు నీరు 1,600 లీటర్లు దాటిన ఆవిరవుతుంది. ఆ బలం ఈ రేకుల మధ్య బిగిసి ఉంది.

వాల్వు తిప్పాడు. ఆవిరి బుస్సుమంటూ జీడిపిక్కల కుక్కర్‌లోకి దూకింది. అతను చెంబెత్తి నీళ్ళు తాగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, పొగగొట్టం కేసి తలెత్తాడు.