వెనక సీటుకి తెలియని బరువు

కైకలూరు దాటాక బానెట్ సందుల్లోంచి కాలిన నూనె వాసన వచ్చింది. ఆపి చూస్తే పవర్ స్టీరింగ్ గొట్టం పగిలి ఆయిలంతా కారిపోయింది. రోడ్డు పక్క మెకానిక్ దగ్గర దానికి సరిపోయే గొట్టం లేదు. ఆయిల్ లేకుండా పంపు తిరిగితే అదీ పోతుందని, దాని బెల్టు విప్పి నా చేతిలో పెట్టాడు. "తాడేపల్లిగూడెం దాకా వెళ్ళిపోవచ్చండి. కాకపోతే చెయ్యి కాస్త గట్టిగా వెయ్యాలి" అన్నాడు.

బండి 1984 నాటి అంబాసిడర్. తాతయ్య కొన్నది. పక్క సీట్లో మా ఇంట్లో ఇరవై ఏళ్ళకి పైగా దాన్ని నడిపిన డ్రైవర్ బాబాయ్. ఇప్పుడాయనకి డెబ్భై దాటాయి. గూడెంలో పెళ్ళికి తీసుకెళ్తున్నాను.

మొదటి మలుపులోనే నాకర్థమైంది, ఆ 'కాస్త' అన్న మాట మెకానిక్ మొహమాటమని. వేగంగా పోతున్నంతసేపూ పెద్ద తేడా తెలియదు. ఎదురుగా చేపల లారీ వచ్చి, వేగం తగ్గించి పక్కకి తియ్యాల్సి వస్తే మాత్రం రెండు భుజాలూ, నడుమూ కలిసి తిప్పాలి. ఆకివీడు చేరేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పవర్ స్టీరింగ్ లేని బండి కన్నా, ఉండి పనిచెయ్యని బండి ఎక్కువ బరువు. లేని బండిని తయారు చేసేటప్పుడే చక్రాన్ని పెద్దదిగా పెడతారు, ఎక్కువ చుట్లు తిప్పాల్సి వచ్చేలా పళ్ళు అమరుస్తారు. ఎక్కువ దూరం తిప్పితే తక్కువ బలం చాలు. పవర్ స్టీరింగ్ ఉన్నదాంట్లో పంపు సాయం చేస్తుందన్న ధీమాతో చుట్లు తగ్గిస్తారు. ఆ సాయం ఆగిపోయిన రోజున, తక్కువ చుట్లకి కావాల్సిన ఎక్కువ బలమంతా మన చేతుల మీద పడుతుంది. గొట్టాల్లో మిగిలిన ఆయిల్‌ని నెట్టే పని అదనం.

ఈ సాయం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో పియర్స్-యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు, బరువు బండ్లు తిప్పడానికి డ్రైవర్లు పడే అవస్థ చూసి ఉద్యోగం మానేసి సొంతంగా ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1926 నాటికి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే స్టీరింగ్‌ని ఒక పియర్స్-యారో కారులో బిగించి, నడిపి చూపించాడు. జనరల్ మోటార్స్ ఆసక్తి చూపించింది. కానీ ఆర్థికమాంద్యం రోజులు, కార్లే అమ్ముడుపోవడం లేదు. 1934లో ఖర్చు గిట్టదని పక్కన పెట్టేసింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో బరువైన సైనిక వాహనాలకి అది అక్కరకొచ్చింది. మామూలు జనం కొనుక్కునే కారులోకి వచ్చింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. మరుసటేడు కాడిలాక్‌లోనూ వచ్చింది. ఆ తర్వాత అక్కడ ఆగలేదు. కారు కొన్నవాళ్ళే దాన్ని నడిపేవాళ్ళు కూడా. మార్కెట్టు ముందు కారు ఆపడానికి చక్రంతో కుస్తీ పట్టేది వాళ్ళే. అందుకే డబ్బు పెట్టారు.

మన దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టిన కారు 1957 నుంచి కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా తయారైంది. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీలో పని ఆగేదాకా, యాభై ఏడేళ్ళు, దాని రూపం పెద్దగా మారలేదు. టన్ను దాటిన బరువు, ఇంజిను భారమంతా ముందు చక్రాల మీద. ఆ యాభై ఏడేళ్ళలో చాలా కాలం దాన్ని చేతి బలంతోనే తిప్పారు.

ఎందుకని? లైసెన్సుల రాజ్యం అన్నది మామూలుగా వినే జవాబు. పోటీ లేదు, బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసే జనం ఉన్నారు, ఇంక కంపెనీ మార్చడమెందుకు? అది నిజమే. కానీ సరిపోదు. అదే దేశంలో అశోక్ లేలాండ్ లాంటి కంపెనీలు అంబాసిడర్ కన్నా చాలా ముందే బరువు వాహనాల్లో పవర్ స్టీరింగ్ పెట్టాయి. అంటే విద్య తెలియక కాదు. అడిగేవాళ్ళు లేక.

అడగాల్సిన మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూడండి. అంబాసిడర్‌ని తలుచుకుంటే మనకి గుర్తొచ్చేది వెనక సీటు. మంత్రి గారు, కలెక్టరు గారు, కామందు గారు, పెళ్ళికూతురు, అందరూ అక్కడే. ఆ సీటు మెత్తదనం గురించి, కాళ్ళు చాపుకునే చోటు గురించి ఎంతమంది ఎంత ముద్దుగా చెప్పారో! స్టీరింగ్ బరువు గురించి చెప్పగలిగినవాడు ముందు సీట్లో, జీతం మీద ఉన్నాడు. కారు కొనేటప్పుడు ఆయన్ని ఎవరూ సలహా అడగలేదు.

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు అందుకున్న హర్‌పాల్ సింగ్ పేరు చరిత్రలో మిగిలింది. ఆ బండి సుమారు 650 కిలోలు. దానికి పవర్ స్టీరింగ్ అక్కర్లేకపోయింది. యజమాని ముందు సీట్లోకి మారడం మన దేశంలో పెద్ద ఎత్తున మొదలైంది ఆ చిన్న కారుతోనే. చక్రం బరువు అతని చేతికి తెలియడం కూడా అప్పుడే మొదలైంది.

ఈ ప్రాంతంలో ఈ కథ కారుతో మొదలవలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యింది, తర్వాత బెజవాడ దగ్గర కృష్ణకీ ఆనకట్ట వచ్చింది. ఆ రెండు నదుల్నీ ఏలూరు కాలువ కలిపింది. రోడ్లు సరిగా లేని రోజుల్లో ధాన్యమూ మనుషులూ పోయింది కాలువల మీదే. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగే మనుషులు. కొల్లేటి లోపల తాటి దోనెల్ని గడ వేసి నెట్టడం కూడా భుజాల పనే. డెల్టా ఎంత పండిందో, పన్నెంత వచ్చిందో లెక్కలున్నాయి. తాడు ఒరుసుకున్న భుజాల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. ఆ కాలవ గట్టు ఇప్పుడు తారురోడ్డయింది, అంతే.

భీమవరంలో టీకి ఆగాం. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. బాబాయ్ చూశాడు.

"నీకు రోజూ ఇలాగే ఉండేదా బాబాయ్?"

"ఆయ్. కానీ అప్పటి స్టీరింగ్ ఇంత మొండిది కాదండి బాబూ. సందులో తిప్పేటప్పుడే కష్టం."

ఆ సందు నాకు తెలుసు. ఏలూరులో మా పాతింటి సందు. రాత్రి పూట బండి తిప్పి పెట్టడానికి నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ కొట్టేవాడు. అరుగు మీద కూర్చుని మేం పిల్లలం లెక్కపెట్టి నవ్వేవాళ్ళం. "ఒక్క కారు తిప్పలేవురా" అని తాతయ్య విసుక్కునేవాడు. ఇప్పుడు బాబాయ్ కుడి చెయ్యి చెవి పైకి లేవదు. స్టీరింగ్ వల్లే అని నేను తేల్చి చెప్పలేను, వయసూ ఉంది. ఆయన కూడా అలా అనలేదు.

నాకు గుచ్చుకున్నది వేరే సంగతి. ఆ పవర్ స్టీరింగ్ బండితో వచ్చింది కాదు. ఇంకో కారులోంచి తీసిన సామాను తెచ్చి నాన్న బిగించారు. ఎప్పుడంటే, బాబాయ్ పని మానేశాక, నాన్న తనే నడపడం మొదలుపెట్టిన రెండో నెలలో. "మెడ పట్టేస్తోందిరా" అన్నారు. ఇరవై ఏళ్ళు ఎవరికీ తట్టని ఖర్చు రెండు నెలల్లో తట్టింది. నాన్న చెడ్డవారు కాదు. బాబాయ్‌కి ఒంట్లో బాగోకపోతే మందులు కొన్నారు, ఆయన కూతురి పెళ్ళికి సాయం చేశారు. బరువు మాత్రం తన చేతికి తగిలేదాకా ఆయనకి కనపడలేదు. నాకూ అంతే, కైకలూరులో బెల్టు విప్పేదాకా.

గూడెం చేరేసరికి పెళ్ళివారి సందు నిండా బళ్ళు. మిగిలిన చోట్లో పెట్టాలంటే వెనక్కి తిప్పాలి. ఆగిన బండిలో చక్రం పట్టుకుని బలమంతా పెట్టాను. కదల్లేదు. బాబాయ్ నా మోచేతి మీద చెయ్యి వేశాడు.

"ఆగిన బండి తిప్పకండి బాబూ. టైరు నేలకి అంటుకుపోయి ఉంటుంది. ముందు కొంచెం కదలనివ్వండి. కదుల్తున్నప్పుడు తిప్పండి."

క్లచ్ కొద్దిగా వదిలాను. బండి జానెడు కదిలింది. చక్రం తిరిగింది. ముందుకీ వెనక్కీ కొట్టి ఐదోసారికి పెట్టగలిగాను. పందిరి కింద పిల్లలు లెక్కపెడుతున్నారు.