మిల్లు గుమ్మము ముందు బద్లీ

బొంబాయి తెలుగువారి చరిత్రమును చెప్పునపుడు కామాఠీపురమును, భవనములు కట్టిన కామాఠీలను పేర్కొనుట పరిపాటి. బట్టల మిల్లులలో మగ్గములు నడిపిన పద్మశాలీలను, వారిలోను బద్లీలను మనము అంతగా తలపము.

మస్టరులో పేరున్న కార్మికుడు రాని దినమున అతని స్థానమున పనిచేయువాడే బద్లీ. మన ‘బదిలీ’ శబ్దమునకు ఇది తోబుట్టువు. తెల్లవారుజామున భోంగా కూయకమునుపే అతడు మిల్లు గుమ్మము చేరవలెను. ఖాళీ యున్నచో పని, పని దొరికినచో కూలి. లేనిచో వచ్చిన త్రోవనే ఇంటికి మరలవలెను. ఆ పిలుపు చిరకాలము జాబరు చేతిలో నుండెను. పనికై జాబరులకు లంచమిచ్చుట వాడుకయై యున్నదని 1931 నాటి విట్లీ కమిషను నివేదిక తెలిపినది.

ఈ ఏర్పాటు అందరికిని కష్టమే యనుట సత్యము కాదు. ఊరిలో నాలుగు గుంటల భూమి యుండి, తొలకరికి పోయి విత్తులు చల్లి రాదలచిన శాశ్వత కార్మికునకు ఇది సౌకర్యమే. కాని ఒకని సెలవు మరియొకని కూడు. ఊరు విడిచి భార్యాబిడ్డలను నగరమునకు తెచ్చుకొన్న బద్లీ మాట వేరు. నెలకెన్ని దినములు పని దొరకునో తెలియనివాడు ఇంటి అద్దెకు మాట ఈయలేడు, అంగడివాడు అరువీయ వెనుకాడును, పిల్లనిచ్చువారు “మస్టరులో పేరున్నదా?” అని మొదటనే అడుగుదురు. పని లేని దినము అతనికి విశ్రాంతి కాదు. మరునాటి పిలుపు తప్పునేమో యని ఊరికి పోవుటకును జంకును.

1935లో మిల్లు యజమానుల సంఘము బద్లీ కార్డులను ప్రవేశపెట్టినది. ఖాళీలను కార్డు గలవారితోనే నింపవలెనని నియమము. జాబరు పట్టు కొంత సడలినది. గుమ్మము ముందు నిరీక్షణ మాత్రము పోలేదు. పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో జరిగిన సవరణ లేఆఫు పరిహారమును బద్లీకి నిరాకరించుచునే, ఏడాది అవిచ్ఛిన్నముగా పనిచేసినవానిని ఆ విషయమున బద్లీగా నెంచరాదనినది. ఏడాది లెక్కకు 240 దినములు కావలెను. ఆ గీటు దాటుట పిలుపుపై ఆధారపడినది. పిలుపు అతని చేతిలో లేదు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున దాదాపు 2,50,000 మంది సమ్మెకు దిగినపుడు, జీతముల పెంపుతోపాటు బద్లీలను శాశ్వతము చేయవలెనన్నదియు కోరికలలో నుండెను. కూలికన్న మస్టరులో పేరే కొందరికి ప్రియమై యుండునని మా తలంపు. మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. శాశ్వతులును బద్లీలును ఒకే గుమ్మము వెలుపల నిలిచిరి. మనవారు కొందరు భివండీ మరమగ్గములకు పోయిరి. అచట మస్టరులో పేరెక్కుటయే అరుదు.