భోజనపు బల్లయొద్ద వెల్లడియైన కాలయంత్రము

ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమ ఏడేండ్లు సాగిన యుద్ధము పారిస్ సంధితో ముగిసిన కొద్ది నెలలకే, 1763వ సంవత్సరమున, పారిస్ నగరమునుండి ఇద్దరు పెద్దమనుష్యులు లండను చేరిరి. వారిలో ఒకరు ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి చెందిన గణితవేత్త కామ్యూ. రెండవవాడు ఫెర్డినాండ్ బెర్తూ. నేటి స్విట్జర్లాండులోని నూషాటెల్ సీమలో 1727లో పుట్టి, పదునెనిమిదేండ్ల ప్రాయమున పారిస్ చేరి, కేవలము చేతి నేర్పుచేతను బుద్ధిబలముచేతను ఆ నగరపు గడియారపు పనివారిలో అగ్రస్థానమును అందుకొన్నవాడు. వారు వచ్చిన పని ఒక్కటే: జాన్ హారిసన్ అను వృద్ధుడు నిర్మించిన నాలుగవ కాలమాపకము లోపలి కూర్పును చూచుట. హారిసన్ వారిని మర్యాదతోనే ఆదరించి, తాను లోగడ నిర్మించిన మూడు పెద్ద యంత్రములను చూపెను. నాలుగవదానిని మాత్రము చూపలేదు. బెర్తూ రిక్తహస్తములతో మరలిపోయెను.

కాలయంత్రమన్న మాట వినగానే, మనుష్యుని గతమునకో భవిష్యత్తునకో కొనిపోవు కథలలోని వాహనము నేటి పాఠకుని మనస్సున మెదలవచ్చును. హారిసన్ యంత్రము అట్టిది కాదు. అది బయలుదేరిన రేవునందలి కాలమును చెడకుండ మోసికొని సముద్రము దాటునది. దీని ప్రయోజనము మన పంచాంగకర్తలకు వేరుగ వివరింపవలసిన పని లేదు. అహోరాత్రమునకు అరువది ఘడియలు. భూమి ఒక్క చుట్టు తిరుగుటకు మూడువందల అరువది భాగలు, అనగా నేటి మాటలో డిగ్రీలు. కావున ఘడియకు ఆరు డిగ్రీలు. రెండు ఊళ్ల స్థానిక కాలములకు గల భేదము ఎన్ని ఘడియలో తెలిసినచో, ఆ ఊళ్లకు తూర్పు పడమరల గల ఎడము తెలిసినట్లే. దీనినే మనవారు దేశాంతరమనిరి. ఆ భేదమును కనుగొనుటకు చంద్రగ్రహణకాలమును ఆధారము చేసికొనుమని సూర్యసిద్ధాంతము విధించినది. నేలపై స్థిరముగ నిలిచి గ్రహణమునకై వేచియుండగల వానికి ఆ మార్గము చాలును. నడిసముద్రమున గాలివాటున పోవు నావికునకు మాత్రము గ్రహణము వచ్చు దనుక ఓడ నిలువదు గదా! వానికి ప్రతిదినమును, ప్రతి మధ్యాహ్నమును, విడిచివచ్చిన రేవున ఇప్పుడు ఎన్ని గంటలైనదో చెప్పగల గడియారము కావలెను. ఆ గడియారము ఓడ ఊగిసలాటకును, ఉష్ణమండలపు వేడికిని, ఉత్తరపు చలికిని, ఉప్పుగాలికిని చలింపకుండ నడువవలెను. అట్టిది చేయుట మానవసాధ్యము కాదని న్యూటనంతవాడు సందేహించెను.

ఆ సాధనము లేకపోవుటవలన ఎంత నష్టము కలుగునో ఇంగ్లండు 1707వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీ రాత్రి తెలిసికొన్నది. షవెల్ అను నౌకాధిపతి నడిపించుచున్న దండు, తామున్న తావును తప్పుగ లెక్కించుకొని, సిల్లీ ద్వీపముల రాళ్లపై బడగా నాలుగు యుద్ధనౌకలు నశించెను. వేయిమందికి పైగా నావికులు ఆ ఒక్క రాత్రియే సముద్రము పాలైరి. పిదప ఏడేండ్లకు, 1714లో, రేఖాంశము, అనగా ఆ దేశాంతరము, కనుగొను ఉపాయమునకు పార్లమెంటు బహుమానము ప్రకటించినది. వెస్టిండీసు దీవుల వరకు సాగిన ప్రయాణము చివర అర డిగ్రీకి మించి తప్పు రానిచో 20,000 పౌండ్లు. అర డిగ్రీ యనగా కాలమున రెండు నిమిషములు, మన లెక్కలో ఐదు విఘడియలు. ఆరు వారములకు పైబడిన సముద్రయానమున గడియారము తప్పదగినది ఆ ఐదు విఘడియలే.

హారిసన్ వడ్రంగి. 1693లో యార్క్‌షైరులోని ఫౌల్బీ గ్రామమున పుట్టి, బ్యారో అను పల్లెలో తండ్రివద్ద కొయ్యపని నేర్చి, తొలుత కొయ్యచక్రములతోనే గడియారములు చేసినవాడు. 1735లో ముగించిన అతని మొదటి సముద్రయంత్రము 34 కిలోల బరువు గల ఇత్తడి నిర్మాణము. మరుసటి యేట అది లిస్బన్ వరకు ఓడపై ప్రయాణించి వచ్చినది. రెండవది 1739లో ముగిసెను. మూడవదానిపై అతడు పందొమ్మిది సంవత్సరములు పాటుపడెను. ఆ కాలమంతయు వ్యర్థమైనదని తలచుట తప్పు: వేడికి వేర్వేరుగ వ్యాకోచించు రెండు లోహములను జతకూర్చిన పట్టీ, నేడు మన ఇంటి ఇస్త్రీపెట్టెలలో సైతము పని చేయుచున్న ఆ పట్టీ, ఆ మూడవ యంత్రమునకై పుట్టినదే. కాని 1759లో అతని చేతినుండి వెలువడిన నాలుగవది ముందువానిలో దేనికిని పోలిక లేనిది. పదమూడు సెంటీమీటర్ల అడ్డుకొలత గలిగి, ఒకటిన్నర కిలోల బరువైనను లేని పెద్ద జేబుగడియారము. సెకనుకు ఐదు మారులు కొట్టుకొనును. చక్రము తాకుడును సహించు భాగములు వజ్రముతో చేయబడినవి. 1761లో అతని కుమారుడు విలియమ్ దీనిని జమైకా దీవికి కొనిపోగా, ఎనుబదియొక్క దినములకు వచ్చిన తేడా సుమారు ఐదు సెకనులు. 1764లో బార్బడోసు ప్రయాణమున నలువదియేడు దినములకు ముప్పదితొమ్మిది సెకనులు. చట్టము సహించిన దానిలో అది మూడవ వంతు మాత్రమే.

న్యాయముగ ఆ దినముననే బహుమానము చెల్లిపోవలసినది. చెల్లలేదు. ఆ బహుమానమును నిర్ణయించు రేఖాంశ సమితిలోని పెద్దలలో ఖగోళ శాస్త్రజ్ఞుల మాట చెల్లుబాటయ్యెడిది; వారిలో నెవిల్ మాస్కెలిన్, 1765లో రాజజ్యోతిష్కుడుగ నియుక్తుడైనవాడు, చంద్రుని దూరమును నక్షత్రములతో కొలిచి రేఖాంశమును గణించు మార్గమునకు గొప్ప పక్షపాతి. తన పద్ధతికి ప్రతిస్పర్ధియైన యంత్రమునకు తానే పరీక్షకుడగుట ఎంత నిష్ఠ గలవానికైనను తగని పదవియని నా అభిప్రాయము. 1765లో పార్లమెంటు మరియొక చట్టము చేసినది: హారిసన్ తన యంత్రమును ఊడదీసి, ప్రతి భాగమును ప్రమాణపూర్వకముగ వివరించినచో సగము ధనము ముట్టును, ఇతరులు దానివంటి దానిని చేయగలరని తేలినపుడే మిగిలిన సగము. డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు ఆ యేటి ఆగస్టులో, లండనులో రెడ్ లయన్ స్క్వేరునందలి తన ఇంట, సమితి పంపిన నిపుణుల ఎదుట తన జీవితకాలపు రహస్యమును మర మరగా విప్పి చూపెను. మాస్కెలిన్ వచ్చెను. గడియారపు శిల్పి లార్కమ్ కెండల్ వచ్చెను. థామస్ మజ్ వచ్చెను.

ఈ మజ్ సామాన్యుడు కాడు. తరువాతి తరముల జేబుగడియారములలో విరివిగ వాడబడిన లీవరు ఎస్కేప్‌మెంటును, అనగా స్ప్రింగు బలమును తాళము వేసినట్లు అడ్డుపెట్టి టిక్కు టిక్కునకు కొంచెము కొంచెముగ విడుదల చేయు ఏర్పాటును, కల్పించినవాడు ఇతడే. సముద్ర కాలమాపకమును తానును నిర్మింపవలెనని కోరిక గలవాడు. కొంతకాలమునకు నిర్మించెను గూడ. ఒక శిల్పి రహస్యమును తూచుటకు అదే ప్రయత్నమునందున్న మరియొక శిల్పిని పంపిరి. విన్నదానిని ఎంతవరకు మనస్సులో దాచుకొనవలెనో అతనికి ఎవరును వ్రాతపూర్వకముగ చెప్పలేదు.

1766 ఆరంభమున బెర్తూ మరల లండనునకు వచ్చెను. ఈ పర్యాయము ఫ్రెంచి ప్రభుత్వపు ధనము అతని వెంట నుండెను. తొలుత తిన్నని మార్గముననే బేరము సాగినది: ఫ్రెంచివారి పక్షమున వచ్చిన మాట 500 పౌండ్లు, హారిసన్ అడిగినది 4,000. తన దేశపు పెద్దలు ఇన్నేండ్లు తనను త్రిప్పిన పిమ్మట, పరదేశీయుడు నలువదియేండ్ల శ్రమకు ఆ వెల కట్టుటను అతడు అవమానముగ భావించెనన్నచో ఆశ్చర్యము లేదు. బేరము చెడెను. అంతట బెర్తూ వచ్చిన త్రోవనే మరలిపోయియుండినచో, ఈ వ్యాసము వ్రాయవలసిన అవసరమే కలిగియుండదు. అప్పుడు లండనులో సాక్సనీ దేశపు రాయబారిగ నున్న బ్రూల్ ప్రభువు గడియారములయం దాసక్తి గలవాడు, మజ్‌కు మిత్రుడు, పోషకుడు. ఆ ప్రభువు ఇంట మజ్‌ను బెర్తూను ఒక్క పంక్తిని భోజనమునకు కూర్చుండిరి. ఆ భోజన సమయమున, హారిసన్ ఇంట తాను చూచినదానిని మజ్ బెర్తూకు వివరించి చెప్పెను. ద్వారము మూసి యుంచిన ఇంటిలోని సొత్తు ఈ రీతిగ, మరియొక ఇంటి బల్లయొద్ద, కాసు ఖర్చు లేకుండ ప్రతిద్వంద్వి చేతికి వచ్చినది.

హారిసన్ ఆక్రోశించెను. మజ్‌ను అడుగగా, యంత్రరహస్యము లోకమునకు తెలియుటయే సమితివారి ఉద్దేశమని తాను భావించితినని అతడు సమాధానము చెప్పెను. ఆ సమాధానములో సత్యము లేకపోలేదు. సమితి మరుసటి యేట ఆ వివరములను చిత్రపటములతో సహా తానే అచ్చువేయించినది. ఐనను, అచ్చు కాకమునుపు, యజమాని స్పష్టముగ నిరాకరించిన మనుష్యునకే, విదేశపు నౌకాదళమునకై వచ్చినవాడని ఎరిగియు, చెప్పుట వేరు. పుస్తకము అంగడిలో దొరకుట వేరు. ఇక బెర్తూ సంగతి. అతనిని దొంగ యనుట నాకు సమ్మతము కాదు. గోడ దూకలేదు, పనివానికి లంచము పెట్టలేదు. గడియారపు విద్యను గూర్చి తాను ఎరిగినదానిని పెద్ద గ్రంథములుగ వ్రాసి ప్రకటించిన ఉదారుడు కూడ. కాని గృహస్థుడు కాదన్న వస్తువును, గృహస్థునకు తెలియకుండ, అతని విశ్వాసమునకు లోబడియుండవలసిన వానినుండి విందు నెపమున రాబట్టుట కపటమే. ఆ మాటను మెత్తపరచుటకు నాకు కారణము కనబడదు. ఇంతకంటె పెద్ద దోషము మాత్రము, నిపుణులను చూడబంపి వారి నోటికి కట్టుబాటు విధింపని సమితివారిది.

అంత ప్రయాసతో సంపాదించిన ఆ రహస్యమువలన బెర్తూకు ఒరిగినదేమి? 1767లో అచ్చైన హారిసన్ గ్రంథమును పెజెనా అను జెసూట్ పండితుడు ఆ యేటనే ఫ్రెంచిలోనికి తెచ్చి అవిన్యో నగరమున ప్రకటించెను. విందులో విన్నదంతయు కొనదలచిన ప్రతివానికిని అంగడిలో దొరకినది. బెర్తూ తన ఆరవ ఎనిమిదవ కాలమాపకములను 1768లో ఈసిస్ అను నౌకపై పరీక్షకు పంపగా అవి చక్కగ నడిచెను. ఐనను అవి హారిసన్ యంత్రమునకు ప్రతికృతులు కావు, తన సొంత త్రోవను నడిచినవి. అంతలో పారిస్ నగరముననే పియెర్ లెరువా అనునతడు, హారిసన్ ఇంటి గడప తొక్కకయే, ఇటునటు ఊగు బాలెన్సు చక్రమును ఎస్కేప్‌మెంటు తాకిడినుండి వీలైనంత విడిగ తిరుగనిచ్చు ఏర్పాటును, వేడి చలుల మార్పును ఆ చక్రమే సరిదిద్దుకొను ఉపాయమును కల్పించి, 1766లో రాజునకు తన కాలమాపకమును సమర్పించియుండెను. నేటికిని ఆ శాస్త్రము ఎరిగినవారు ఆధునిక క్రోనోమీటరునకు, అనగా సముద్ర కాలమాపకమునకు, మూలపురుషునిగ లెక్కించునది లెరువానే. అకాడమీ 1769లో అతనికి బహుమానమిచ్చినది. కాని మరుసటి యేట రాజునకును నౌకాదళమునకును యంత్రశిల్పి యను పదవియు, వేతనమును బెర్తూకు దక్కినవి. లెరువా ఆ పనినుండి క్రమముగ విరమించెను. రాజకార్యాలయముల చెంత ఎవరు తిరుగుచుండిరో వారికే ఆ పదవి లభించినదని తలంచుట నాకు తప్పనిసరి యగుచున్నది.

ఇట్టి వివాదము ఆ వృత్తిలో అంతటితో ఆగలేదు. స్ప్రింగు డిటెంటు అను సన్నని ఎస్కేప్‌మెంటు ఏర్పాటును తాను కల్పించి నమ్మకముతో ఒక వ్యాపారికి చూపగా, అతడు ఆ గుట్టును సాటి శిల్పి జాన్ ఆర్నాల్డునకు చేరవేసెనని గడియారపు శిల్పి థామస్ ఎర్న్‌షా జీవితాంతము ఆరోపించెను. ఆర్నాల్డు పేటెంటు 1782లోను, ఎర్న్‌షా పక్షమున పరుల పేరిట తీసికొన్న పేటెంటు 1783లోను నమోదైనవి. రేఖాంశ సమితి తుదకు ఇరుపక్షములకు చెరి 3,000 పౌండ్లు ఇచ్చి తీర్పు తప్పించుకొన్నది. ఎర్న్‌షా ఏర్పరచిన రూపమే తరువాత నూట ఏబది సంవత్సరములు ఓడలన్నిటను నిలిచినది. 1831లో బీగిల్ నౌక బయలుదేరినపుడు అందున్న ఇరువదిరెండు క్రోనోమీటర్లలో ఎర్న్‌షా చేసినదియు నొకటి.

హారిసన్ యంత్రమునకు కెండల్ చేసిన ప్రతికృతిని కెప్టెన్ కుక్ 1772లో బయలుదేరిన తన రెండవ మహాయాత్రకు కొనిపోయి, మూడేండ్ల పిదప దానిని నోరార కొనియాడుచు మరలివచ్చెను. హారిసన్‌కు పూర్ణ బహుమానము ఆ పేరిట ఎన్నడును ముట్టలేదు. మూడవ జార్జి రాజు పూనుకొని అతని ఐదవ యంత్రమును స్వయముగ పరీక్షించిన పిమ్మట, 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లు మంజూరు చేసినది. అతడు 1776 మార్చి 24న, ఎనుబదిమూడవ యేట మరణించెను.

అతని మొదటి నాలుగు యంత్రములు నేడు గ్రీనిచ్ నక్షత్రశాలయం దున్నవి. నూనె అక్కరలేని మొదటి మూడును ఇప్పటికిని నడుచుచున్నవి. బెర్తూ చూడగోరిన నాలుగవది నూనె లేనిదే నడువదు. నడిపినచో భాగములు అరిగిపోవునని దానిని నిలిపి యుంచినారు.