జలుబే కదా అనుకున్నారు

జలుబు చేస్తే మనమేం చేస్తాం చెప్పండి? నాలుగు మిరియాలు దంచి కషాయం కాచుకుంటాం, పసుపు వేసి ఆవిరి పట్టుకుంటాం, ముక్కు తుడుచుకుంటూనే పోపు వేస్తాం. జలుబంటే అంత చులకన మనకి. 2020లో తలుపులు బిగించుకుని, పాలపాకెట్లు కూడా కడిగి లోపలికి తెచ్చుకున్నాం చూడండి, ఆ కరోనా వంశం మనుషుల్లో మొదట దొరికింది ఈ చులకన జలుబులోనే.

ఇంగ్లండులో సాల్స్‌బరీ అనే ఊరి దగ్గర 1946లో జలుబు మీద పరిశోధనకని ఒక కేంద్రం పెట్టేరు. జలుబు తెచ్చుకోవడానికని జనం తమంతట తాము అక్కడికి వెళ్లేవారంటే నమ్ముతారా? పది రోజులు భోజనం, బస ఉచితం. బదులుగా, జలుబు చేసినవాళ్ల నుంచి తీసిన ద్రవం ముక్కులో చుక్కలుగా వేయించుకోవాలి. బయటివాళ్లకి 30 అడుగుల దూరంలో మసలాలి. ఎవరు ఎన్ని కాగితపు రుమాళ్లు తడిపేరో కూడా లెక్క రాసేవారట! అయినా సెలవు గడిపినట్టుంటుందని మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లున్నారు.

అక్కడి పెద్ద డాక్టరు డేవిడ్ టిరెల్ గారికి ఒక నమూనా కొరకరాని కొయ్య అయింది. 1960లో ఓ హాస్టలు పిల్లవాడి ముక్కులోంచి తీసినది. బి814 అని పేరు పెట్టేరు. చుక్క వేస్తే జలుబు వస్తుంది గాని, లేబరేటరీలో మామూలు పద్ధతుల్లో పెంచబోతే పెరగదు. చివరికి మనిషి శ్వాసనాళపు కణజాలం మీద పెంచగలిగి, 1965లో ఆ సంగతి ప్రకటించేరు. పెరిగింది సరే, అదెలా ఉంటుందో చూసేదెవరు?

చూసినావిడ పేరు జూన్ ఆల్మీడా. 1930లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టేరు. తండ్రి బస్సు డ్రైవరు. ఈవిడకి పదేళ్లప్పుడు తమ్ముడు డిఫ్తీరియాతో పోయేడు. చదువులో చురుకే, కాని కాలేజీకి పంపే స్తోమత లేక పదహారేళ్లకే బడి ఆపించేశారు. ఊళ్లో ఆస్పత్రి లేబరేటరీలో చిన్న ఉద్యోగంలో చేరేరు. పదో తరగతితో చదువు ఆగిన నాలాంటి దానికి ఈ మాట చదవగానే పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చోవాలనిపించింది.

పెళ్లయ్యాక కెనడా వెళ్లి, టొరాంటోలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద పనిచేసేరు. వైరస్ మరీ చిన్నది. కణాల చెత్తలో కలిసిపోయి, ఇదీ అని పోల్చుకోవడం కష్టం. ఆవిడ ఒక ఉపాయం బాగా సానబట్టేరు. ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్ల రక్తంలో ఆ వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలుంటాయి. వాటిని నమూనాలో కలిపితే, బెల్లం ముక్క చుట్టూ చీమలు మూగినట్టు వైరస్ చుట్టూ మూగుతాయి. అప్పుడు గుర్తుపట్టవచ్చు.

1964లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రికి వచ్చేరు. టిరెల్ గారు తమ నమూనాలు అక్కడికి పంపేరు, పెద్ద ఆశ లేకుండానే. ఆవిడ చూసేరు, గుండ్రటి కణం, చుట్టూ ముళ్లు. చూడగానే పోల్చుకున్నారు కూడా. ఎందుకంటే కోళ్లకు వచ్చే బ్రాంకైటిస్‌లోనూ, ఎలుకల కాలేయ జబ్బులోనూ ఇలాంటి రూపమే అంతకు ముందే చూసి ఉన్నారు. చూసి వ్యాసం రాస్తే పత్రికవాళ్లు తిప్పి పంపేశారు. ఇవి ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు సరిగా రాని ఫోటోలు అన్నారట పరిశీలించిన పెద్దలు! ఆవిడ కన్ను తప్పు కాదు. 1967లో టిరెల్ గారితో కలిసి ఆ బొమ్మలు అచ్చువేయించేరు. చుట్టూ ఉన్న ముళ్లు సూర్యగ్రహణం పూర్తిగా పట్టినప్పుడు కనిపించే వెలుగువలయంలా ఉన్నాయని, లాటిన్‌లో కిరీటం అనే అర్థం వచ్చే కరోనా పేరు ఖాయం చేసి 1968లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించేరు. మన దేవుళ్ల వెనక ప్రభావళి ఉంటుందే, అలా అనుకోండి.

అదే రోజుల్లో అమెరికాలో, షికాగోలో, డొరొతీ హామ్రే అనే ఇంకో ఆవిడ మెడికల్ విద్యార్థుల జలుబులోంచి 229ఈ అనే మరో కరోనాను పట్టేరు. అది ఇప్పటికీ మన మధ్యే తిరుగుతోంది.

ఆ తరవాత? జలుబే కదా అని ఎక్కువమంది పట్టించుకోలేదు. అంత కష్టపడి పెంచిన బి814 నమూనా కూడా ఎక్కడో పోయింది. సాల్స్‌బరీ కేంద్రాన్నీ మూసేశారు. 2002 చివర చైనాలో సార్స్ పుట్టి, 2003లో 8 వేల పైచిలుకు మందికి సోకి 774 మందిని పొట్టన పెట్టుకున్నాక గాని అందరి చూపూ ఇటు తిరగలేదు. 2012లో ఒంటెల నుంచి మెర్స్ వచ్చింది. 2019 చివర వచ్చినదాని సంగతి మీకు నేను చెప్పాలా? ఆ టీకాలు చేసినవాళ్లలో చాలామంది గురిపెట్టింది ఆల్మీడా గారు చూసిన ఆ ముళ్ల మీదనే.

ఆవిడ ప్రచురించిన పరిశోధనలనే చూసి లండన్‌లో డాక్టరేటు ఇచ్చేరు. ఉద్యోగం మానేశాక యోగా నేర్చుకుని పదిమందికీ నేర్పేరు. 2007 డిసెంబరులో కన్నుమూసేరు. సార్స్ వచ్చి పోవడం చూశారు, మన ఇళ్ల తలుపులు మూయించిన రోజులు మాత్రం చూడలేదు.