తొలి ప్రోగ్రాములు – చిన్న లెక్కలు

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన విద్యార్థికి ముందుగా ఎదురయ్యేవి కారణాంకాలు, వర్గాలు, ప్రధాన సంఖ్యలు. ‘కంప్యూటర్ నేర్చుకుందామని వస్తే హైస్కూలు లెక్కలు చేయిస్తున్నారేమిటి?’ అని చాలామందికి అనిపిస్తుంది. పనుల మధ్య తీరిక చేసుకొని చదివే మీకు ఈ సందేహం రావడం సహజం. దీనికి సమాధానం కంప్యూటర్ చరిత్రలోనే ఉంది.

మాంచెస్టర్, 1948

ప్రోగ్రామును ఎలక్ట్రానిక్ మెమరీలోనే నిల్వ చేసుకొని నడిచిన మొదటి కంప్యూటర్ ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో తయారైంది. దాని ముద్దుపేరు ‘బేబీ’. 1948 జూన్ 21న అందులో తొలి ప్రోగ్రాము సరిగా నడిచింది. దానిని రాసినవాడు టామ్ కిల్‌బర్న్. ఒక సంఖ్యకు, ఆ సంఖ్య కాకుండా, అతిపెద్ద కారణాంకం ఏది? ఇదే ఆ ప్రోగ్రాముకు ఇచ్చిన సమస్య.

ఉదాహరణకు 18ని తీసుకుందాం. 17తో మొదలుపెట్టి ఒక్కొక్కటి తగ్గిస్తూ, 18ని ఏది నిశ్శేషంగా భాగిస్తుందో చూస్తాం. తొమ్మిదో ప్రయత్నంలో 9 దొరుకుతుంది. బేబీకి భాగహారం తెలియదు, తీసివేత మాత్రమే తెలుసు. కాబట్టి పదే పదే తీసివేస్తూ భాగహారం చేసింది. ఈ పద్ధతిలోనే 2,62,144కు 1,31,072 అనే జవాబు కనుక్కోవడానికి 52 నిమిషాలు పట్టింది.

సగం నుంచి మొదలుపెడితే జవాబు వెంటనే వచ్చేది కదా? నిజమే. అయితే కిల్‌బర్న్‌కు కావలసింది జవాబు కాదు. కొత్త మెమరీ ఎక్కువసేపు తప్పు లేకుండా పనిచేస్తుందా అన్నది తేలాలి. జవాబు ముందే తెలిసిన సుదీర్ఘమైన లెక్క అందుకు సరిపోయింది.

కేంబ్రిడ్జి, 1949

1949 మే 6న కేంబ్రిడ్జిలోని ఎడ్‌శాక్ యంత్రం 0 నుంచి 99 వరకు సంఖ్యల వర్గాలను అచ్చు వేసింది. కొద్దిరోజులకే ప్రధాన సంఖ్యల పట్టిక కూడా ఇచ్చింది. దాని నిర్మాత మారిస్ విల్క్స్ తరువాత రాసిన ఒక పెద్ద ప్రోగ్రాములో చాలా తప్పులు దొర్లాయి. ఇక తన జీవితంలో చాలా భాగం సొంత ప్రోగ్రాములలోని తప్పులు వెతకడానికే సరిపోతుందని ఆయనకు అప్పుడు అర్థమైంది.

డార్ట్‌మత్, 1964

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో గణితాచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ ‘బేసిక్’ భాషను రూపొందించారు. 1964 మే 1న అది మొదట నడిచింది. సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటరును వాడగలగాలన్నది వారి ఆశయం.

సారాంశం

చిన్న లెక్కకు జవాబు మనకు ముందే తెలుసు. అందువల్ల తప్పు వస్తే అది ఎక్కడ జరిగిందో పట్టుకోగలం. యంత్రం నిర్మించినవారికి పనికొచ్చిన ఈ సూత్రమే నేర్చుకునేవారికీ పనికొస్తుంది. మీ ప్రోగ్రాము మొదటిసారి నడవకపోతే నిరుత్సాహపడకండి. విల్క్స్‌దీ అదే అనుభవం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 15కు బేబీ పద్ధతిలో అతిపెద్ద కారణాంకం కనుక్కోండి. ఎన్ని ప్రయత్నాలు పట్టాయి?
2. సగం నుంచి మొదలుపెడితే ఎన్ని తగ్గుతాయి? ఎందుకు?