మంటనార్పే గాలి

టెలిఫోన్ స్విచ్‌బోర్డుకు నిప్పంటుకుంటే నీళ్లు చల్లడం మరో ప్రమాదాన్ని పిలవడమే. అందుకే అమెరికాలోని బెల్ టెలిఫోన్ సంస్థ విద్యుత్తు ప్రవహించని పదార్థాన్ని కోరింది. 1924లో వాల్టర్ కిడ్డె కంపెనీ బొగ్గుపులుసు వాయువును ఒత్తిడితో ద్రవంగా మార్చి, సిలిండర్లలో నింపి అందించింది. అంతకుముందు కరెంటు మంటలపై వాడిన కార్బన్ టెట్రాక్లోరైడ్ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువును పుట్టించేది. దాని పక్కన కొత్త సాధనం నిరపాయంగా కనిపించడం సహజం. అయితే ఒక అపాయాన్ని తొలగించిన సాధనం తనదైన అపాయాన్ని తెచ్చిందన్నదే ఈ చరిత్ర చెప్పే పాఠం.

ఈ వాయువు గాలిలోని ఆక్సిజన్ పాలు తగ్గించి మంటనార్పుతుంది. మనిషి ఊపిరికీ ఆ ఆక్సిజనే ఆధారం. పైగా గాలిలో ఈ వాయువు పది శాతం దాటితే చాలు, మనిషి స్పృహ తప్పవచ్చు. చేతి సిలిండర్‌లో ఉండేది కొన్ని కిలోలే, భయమెందుకని అడగవచ్చు. విశాలమైన చోట ఆ మాట నిజమే. కిటికీలు లేని చిన్న గదిలో మాత్రం ఆ కొన్ని కిలోలే చాలు. కనుక బయటికి దారి వెనకనే ఉంచుకుని వాడాలి, వెంటనే బయటికి రావాలి. వాయువు మైనస్ 78 డిగ్రీల మంచుపొడిగా వెలువడుతుంది కాబట్టి గొట్టం మూతిని చేత్తో పట్టుకోకూడదు. ఏ మరకా మిగల్చకపోవడం దీని సుగుణం. చల్లార్చే తడి కూడా మిగలదు కనుక, ఆరిన మంట మళ్లీ రాజుకోవచ్చు. ఈ సాధనాన్ని గౌరవించడమంటే దాని హద్దులు ఎరిగి వాడడమే.